వేలిముద్ర పడని బేల్దారి అర్జీ

గౌరవనీయులైన కర్ణాటక కార్మిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. కన్నడలో మూడు అర్జీలు రాయించాను, రాసినాయనకు ఒక్కోదానికి వంద. మూడింటికీ రసీదులున్నాయి, జవాబే లేదు. అందుకే ఈసారి మా కదిరి తెలుగులోనే రాస్తున్నా. ఎలాగూ చదవనప్పుడు ఏ భాషైతే ఏం లెండి.

మా అమ్మాయి ప్రైవేటు ఐటీఐలో ఎలక్ట్రీషియన్, రెండో సంవత్సరం. ఫీజు ఏడాదికి 28 వేలు. భవన కార్మికులకిచ్చే లేబర్ కార్డు ఉందిగా, పిల్లల చదువుకు సాయం వస్తుందిలే అని ధైర్యంగా చేర్పించాను. 2023లో ఆ సాయానికి కోత పెట్టారు, దాని గురించి అడగను. కోసింది పోగా మిగిలిందైనా చేతికి రావాలి కదా సార్?

కార్డు రెన్యువల్‌కి వెళ్తే వేలిముద్ర పడలేదు. సెంటర్‌లో కుర్రాడు పాపం నా బొటనవేలు గుడ్డతో తుడిచాడు, కొబ్బరినూనె రాయించాడు. తర్వాత చూపుడువేలు. తర్వాత ఎడమచెయ్యి. పది వేళ్లూ అయిపోయాయి, మిషన్లో ఎర్రలైటే. 22 ఏళ్లు సిమెంటులో నానిన చేతులు సార్, గీతలెక్కడివి? భవన కార్మికుడినని చెప్పడానికి ఈ చేతులకు మించిన సర్టిఫికెట్ ఏముంది! ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌కి ఉన్నది ఎప్పుడో పోయిన నంబరు. అది మార్చాలన్నా మళ్లీ వేలే పెట్టమన్నారు. చివరికి ఇంకో సెంటర్‌లో కళ్లు స్కాన్ చేస్తే పనైంది.

ఆ తర్వాత 90 రోజులు పనిచేశానని చూపించే కాగితం. కాంట్రాక్టరు సంతకం పెట్టనన్నాడు, రేపు పీఎఫ్ కూడా అడుగుతావన్నాడు. యూనియన్ ఆయన కాళ్లావేళ్లా పడి తెచ్చుకున్నాను. ఈ తిరుగుళ్లకు 16 రోజుల కూలి పోయింది. అక్టోబరు నుంచి నా దరఖాస్తు 'పరిశీలనలో ఉంది'.

ఫీజు పరిశీలనలో ఉండదు కదా. స్కిల్ లోన్ ఏడున్నర లక్షల దాకా ఇస్తామని 2024 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారని అమ్మాయే ఫోన్లో చూపించింది. నాక్కావలసింది 28 వేలు. బ్యాంకాయన ఐటీఐ అనగానే తల అడ్డంగా ఊపాడు. సంతకం పెట్టని ఆ కాంట్రాక్టరే అడ్వాన్సు మాత్రం అడిగిన పూటే లెక్కపెట్టి ఇచ్చాడు. అది తీరేదాకా ఇంకో సైటుకి పోకూడదు, ఆయన ఇచ్చిందే కూలి. పిల్ల చదువుకు నేను తాకట్టు పడ్డాను సార్.

మేం ధర్మం అడగట్లేదు. మేం లేపిన బిల్డింగుల ఖర్చులో నూటికి ఒక రూపాయి మా సంక్షేమానికని సెస్ వసూలు చేస్తున్నారు, ఆ డబ్బే అడుగుతున్నాం. ఫీజు కట్టే నెలలో ఇవ్వండి. కోర్సు అయ్యాక ఇస్తే అది వడ్డీకే సరిపోతుంది. మా షెడ్డులో కాలిపోయిన స్విచ్‌బోర్డు మా అమ్మాయే బాగుచేసింది, చుట్టుపక్కల షెడ్లవాళ్లూ పిలుస్తున్నారు. అలాంటి పిల్లకు ఫీజులో ఇంకా మిగిలిన బాకీ 9 వేలు కట్టందే హాల్ టికెట్ లేదంటున్నారు. గడువు ఈ నెలాఖరు. దయచేసి ఆలోగా చూడండి. దరఖాస్తు నంబరు మూడు అర్జీల మీదా ఉంది.

ఇట్లు,
ఒక బేల్దారి, వర్తూరు, బెంగళూరు

(సంతకమే పెడుతున్నా. వేలిముద్ర అడక్కండి.)