లైసెన్సు మీ పని, యాంకర్ మీ పని కాదు: బ్రిటన్ సంస్కృతి మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన బ్రిటన్ సంస్కృతి, మీడియా, క్రీడల శాఖ మంత్రి లిసా నాండీ గారికి,

నమస్కారం.

బీబీసీ ఎలా నడవాలో చెప్పే చార్టర్ గడువు 2027 డిసెంబరు 31తో తీరిపోతుంది. ఆ తర్వాత టీవీ లైసెన్సు (లైవ్ టీవీ చూసే ఇళ్లు ఏటా కట్టాల్సిన రుసుము, బీబీసీ నడిచేది ప్రధానంగా దాని మీదే) ఉంటుందా, ఉంటే ఏ రూపంలో ఉంటుంది అన్నది తేల్చాల్సింది మీ ప్రభుత్వమే. అందుకే ఈ లేఖ. దీన్ని తెలుగులో రాయడానికి కారణం ఉంది. ఇందులో చెప్పబోయే నిబంధనలు ఈ దేశంలో ఉంటున్న మా వాళ్లలో చాలామందికి తెలియకుండానే వర్తిస్తున్నాయి. మీతో పాటు వాళ్లూ చదవాలి. ఇంగ్లీషు ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను.

కొన్నేళ్లుగా లైసెన్సు గురించి ఎవరు నోరు విప్పినా మాట చివరికి బీబీసీ ఫుట్‌బాల్ కార్యక్రమం 'మ్యాచ్ ఆఫ్ ద డే' యాంకర్‌గా ఉన్న గ్యారీ లినెకర్ దగ్గరికే వెళ్లింది. "నా డబ్బుతో జీతం తీసుకుంటూ నాకు రాజకీయాలు చెబుతాడా?" అని ఒక పక్షం. "నా డబ్బుతో నడిచే సంస్థ ఆయన నోరు ఎలా నొక్కుతుంది?" అని రెండో పక్షం. గమనించారా, రెండు పక్షాలూ మొదలుపెట్టేది "నా డబ్బు" దగ్గరే.

2023 మార్చిలో జరిగింది మీకు గుర్తుండే ఉంటుంది, అప్పుడు మీరు ప్రతిపక్షంలో ఉన్నారు. చిన్న పడవల్లో వచ్చే శరణార్థుల గురించి అప్పటి ప్రభుత్వం వాడిన భాష 1930ల జర్మనీని గుర్తుచేస్తోందన్న అర్థంలో లినెకర్ ట్విటర్‌లో రాశారు. అధికార పార్టీ ఎంపీలు మండిపడ్డారు. మార్చి 10న బీబీసీ ఆయన్ను పక్కన పెట్టింది. ఆయన లేకపోతే మేమూ రామని ఆ కార్యక్రమం విశ్లేషకులు ఇయాన్ రైట్, అలన్ షియరర్ అన్నారు, కామెంటేటర్లూ వాళ్ల వెనకే నడిచారు. మర్నాడు రాత్రి 'మ్యాచ్ ఆఫ్ ద డే' యాంకర్ లేకుండా, కామెంటరీ లేకుండా ఇరవై నిమిషాల్లో ముగిసింది. మార్చి 13 కల్లా బీబీసీ వెనక్కి తగ్గింది. విచిత్రం ఏమిటంటే, తటస్థత పేరుతో ఒక ఫుట్‌బాల్ యాంకర్‌ను ఇంట్లో కూర్చోబెట్టిన అదే వారంలో బీబీసీ ఛైర్మన్ రిచర్డ్ షార్ప్ మాత్రం తన కుర్చీలోనే ఉన్నారు. ఆయన అంతకుముందు అధికార పార్టీకి విరాళాలు ఇచ్చినవారు. బోరిస్ జాన్సన్‌కు 8 లక్షల పౌండ్ల దాకా అప్పు కుదిరే వ్యవహారంలో ఆయన పాత్ర మీద అప్పటికే విచారణ నడుస్తోంది. ఏప్రిల్ చివర్లో గానీ ఆయన రాజీనామా చేయలేదు. ఛైర్మన్‌ను ఎంపిక చేసేది ప్రభుత్వం. యాంకర్ మీద ఉన్నంత పట్టింపు అక్కడ ఎందుకు లేకపోయిందో మీ శాఖే చెప్పాలి.

2025 మేలో లినెకర్ బీబీసీని పూర్తిగా వదిలేశారు. యూదులకు సొంత దేశం ఉండాలనే జియోనిజం వాదం మీద ఒక పోస్టు పంచుకున్నారు, అందులో ఎలుక బొమ్మ ఉంది. యూదులను అవమానించడానికి ఎలుకను వాడిన చరిత్ర తెలిసినవాళ్లకు అది ఎంత తప్పో విడమరిచి చెప్పనక్కర్లేదు. ఆయన క్షమాపణ చెప్పారు, మే 25న చివరి కార్యక్రమం చేసి వెళ్లిపోయారు. 1999 నుంచి ఆయన కూర్చున్న కుర్చీ కెల్లీ కేట్స్, మార్క్ చాప్‌మన్, గాబీ లోగన్ ముగ్గురికీ వెళ్లింది. వెళ్లడం సరైనదేనని నా అభిప్రాయం. 2023లో పక్కన పెట్టడం మాత్రం తప్పు. నాతో ఒప్పుకోనివాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు.

సరే, ఏడాదికి 13 లక్షల పౌండ్లకు పైగా తీసుకునే మనిషి వెళ్లిపోయారు. లైసెన్సు తగ్గిందా? ఆయన ఇంకా ఉండగానే, 2025 ఏప్రిల్‌లో, అది 169.50 పౌండ్ల నుంచి 174.50 పౌండ్లకు పెరిగింది. రెండు కోట్ల ముప్పై లక్షలకు పైగా ఉన్న లైసెన్సుల మీద లెక్క వేస్తే ఆయన జీతం ఒక్కో ఇంటికి ఏడాదికి ఆరు పెన్నీలు కూడా పడదు. అంతలేసి కోపం ఆరు పెన్నీల మీద రాదు. కట్టనని అనలేకపోవడం మీద వస్తుంది. చట్టాన్ని ఏమీ చేయలేం, తెర మీద మనిషి రోజూ కనపడతాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు, లైసెన్సు మీద కోపం యాంకర్ మీద పడుతుంది.

బీబీసీ కార్ల కార్యక్రమం 'టాప్ గేర్' యాంకర్ జెరెమీ క్లార్క్‌సన్ విషయంలోనూ ఇదే చూశాం. 2015 మార్చిలో యార్క్‌షైర్‌లోని ఒక హోటల్లో వేడి భోజనం లేదని ప్రొడ్యూసర్ మీద చేయి చేసుకున్నారు. ఉద్యోగిని కొట్టినవాణ్ణి తీసేయడానికి ఇంత చర్చ ఎందుకో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాదు. ఆయన్ను వెనక్కి తీసుకోవాలని పది లక్షల సంతకాలు పోగయ్యాయి, వాటిని సైనిక ట్యాంకు మీద బీబీసీ గుమ్మం దాకా ఊరేగించారు. ప్రధానమంత్రిగా ఉన్న డేవిడ్ కామెరాన్ సైతం ఆయన నా స్నేహితుడు, ప్రతిభావంతుడు అంటూ మాట కలిపారు. చివరికి బీబీసీ డైరెక్టర్ జనరల్ టోనీ హాల్ ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు. క్లార్క్‌సన్ అమెజాన్‌కు వెళ్లారు. అక్కడ నచ్చినవాళ్లు డబ్బు కట్టి చూస్తారు, నచ్చనివాళ్లు కట్టడం మానేస్తారు. ఆ కార్యక్రమం చూడటానికి టీవీ లైసెన్సే అక్కర్లేదు. 'టాప్ గేర్'లో ఆయన చోటికి వచ్చిన క్రిస్ ఇవాన్స్ ఒక్క సిరీస్‌తో తప్పుకున్నారు. మనిషిని మార్చినంత మాత్రాన మనసులు కుదుటపడతాయన్న హామీ లేదని అప్పుడే తేలిపోయింది.

కాబట్టి, మంత్రిగారూ, ఫలానా యాంకర్‌ను ఉంచాలా మార్చాలా అని విలేకరులు మీ ముందు మైకు పెట్టినప్పుడు "అది బీబీసీ చూసుకుంటుంది" అని ఊరుకోండి. కామెరాన్ ఊరుకోలేదు, 2023లో ఎంపీలు ఊరుకోలేదు. బీబీసీ స్వతంత్రంగా ఉండాలని చార్టర్‌లోనే రాసి ఉంది. నియమాలు మీరితే చూడటానికి 2017 నుంచి ప్రసారాల నియంత్రణ సంస్థ ఆఫ్‌కామ్ ఉంది. మీ చేతిలో ఉన్నది, మీరు తప్ప ఇంకెవరూ మార్చలేనిది లైసెన్సు చట్టం. ఇక దాని సంగతి చెబుతాను.

ఇది బీబీసీ చూసినందుకు కట్టే రుసుము అని చాలామంది అనుకుంటారు. కాదు. 2003 నాటి కమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం ఏ ఛానెల్‌ అయినా, ఏ దేశానిదైనా, ఏ భాషలోదైనా, టీవీలో వస్తున్న సమయంలోనే చూస్తే లైసెన్సు ఉండాలి. టీవీ పెట్టే ఉండాలని కూడా లేదు, ఫోన్ అయినా ట్యాబ్ అయినా అంతే. 2016 సెప్టెంబరు నుంచి బీబీసీ సొంత ఆన్‌లైన్ వీడియో సేవ ఐప్లేయర్‌లో పాత కార్యక్రమాలు చూసినా కావాలి.

మా ఇళ్లలో దీని అర్థం ఏమిటో చెబుతాను. లెస్టర్‌లో కొడుకు ఇంట్లో ఉంటున్న ఒక అమ్మమ్మ శ్రీవారి బ్రహ్మోత్సవాలు చూడాలనుకుంటుంది. తిరుమలలో రాత్రి ఏడింటికి వాహన సేవ మొదలైతే ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర. ఎస్వీబీసీ ఛానెల్ ప్రసారాన్ని ట్యాబ్‌లో లైవ్ పెట్టుకుని చూస్తే ఆ ఇంటికి లైసెన్సు ఉండి తీరాలి. అదే గరుడ సేవను సాయంత్రం కొడుకు ఆఫీసు నుంచి వచ్చాక ఛానెల్ నెట్‌లో పెట్టిన రికార్డింగ్‌లో చూస్తే అక్కర్లేదు. ఐపీఎల్ మ్యాచ్ లైవ్‌కు కావాలి, హైలైట్స్‌కు వద్దు. తెలుగు న్యూస్ ఛానెల్ యూట్యూబ్ లైవ్ పెడితే కావాలి, అదే ఛానెల్ పెట్టిన పాత క్లిప్‌కు వద్దు. ఇందులో ఎక్కడా బీబీసీ ప్రసక్తి లేదు. హైదరాబాద్ స్టూడియోలో తయారైన బులెటిన్‌కు, తిరుపతి దేవస్థానం ప్రసారానికి, లండన్‌లోని సంస్థ కోసం లైసెన్సు డబ్బు కట్టాలి. ఈ తర్కాన్ని ఆ అమ్మమ్మకు ఎలా వివరించాలో నాకైతే తెలియదు. మీ నాన్నగారు దీపక్ నాండీ కోల్‌కతా నుంచి వచ్చి, ఈ దేశంలో జాతుల సమానత్వం కోసం పనిచేసినవారు. వలస వచ్చిన ఇంట్లో సొంత భాష వినపడటం అంటే ఏమిటో మీకు చెప్పాల్సిన పనిలేదు.

విద్యార్థుల సంగతి ఇంకా తిరకాసు. కవెంట్రీ, లూటన్, ఈస్ట్ హామ్‌లలో ఒక్కో ఇంట్లో ఐదారుగురు తెలుగు పిల్లలు గదులు పంచుకుని ఉంటారు. అందరూ కలిసి ఒకే అద్దె ఒప్పందం రాసుకుంటే ఇంటికి ఒక లైసెన్సు చాలు. ఓనరు ఒక్కో గదికి ఒక్కో ఒప్పందం రాస్తే, గదిలో లైవ్ చూసే ప్రతివాడూ విడిగా కట్టాలి. ఒప్పందం ఎలా రాయాలో నిర్ణయించేది ఓనరు, దాని ఖర్చు పడేది కుర్రాడి మీద. వచ్చిన మొదటి వారంలో, బ్యాంకు ఖాతా కూడా తెరవని పిల్లాడికి ఈ తేడా ఎవరు చెబుతారు?

అన్నిటికన్నా నాకు మింగుడుపడనిది బ్యాటరీ నిబంధన. ఇంటికి దూరంగా చదువుకునే విద్యార్థి, తల్లిదండ్రుల ఇంటికి లైసెన్సు ఉంటే, ఛార్జర్ పెట్టకుండా కేవలం బ్యాటరీ మీద నడుస్తున్న ఫోన్‌లో లైవ్ చూడొచ్చు. ఆ వెసులుబాటు మాంచెస్టర్ నుంచి వచ్చిన అబ్బాయికి దక్కుతుంది. మంచిర్యాల నుంచి వచ్చిన అబ్బాయి తల్లిదండ్రులకు బ్రిటన్ లైసెన్సు ఎక్కణ్ణుంచి వస్తుంది? అంతర్జాతీయ ఫీజు పేరుతో స్థానికుల కంటే ఎక్కువ కట్టేది ఇతనే, ఈ చిన్న మినహాయింపు దక్కనిదీ ఇతనికే. ఇంకొకటి, నలుపు తెలుపు టీవీకి ఈ రోజుకీ విడిగా తక్కువ ధరకు లైసెన్సు అమ్ముతున్నారు. ఎప్పుడో పోయిన పెట్టెకు చోటున్న పట్టికలో ఫోన్‌లో తెలుగు వార్తలు చూసేవాడి కోసం ఒక్క గడి లేదు.

కట్టకపోతే? ఇది బాకీ కాదు, నేరం. వెయ్యి పౌండ్ల దాకా జరిమానా, పైన కోర్టు ఖర్చులు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ కేసుల్లో ఎక్కువ భాగం ఒకే ఒక్క మేజిస్ట్రేట్ కాగితాలు చూసి తేల్చేస్తారు, బహిరంగ విచారణ ఉండదు. ఉత్తరం ఇంగ్లీషులో వస్తుంది, గడువు దాటితే మన మాట వినేవాళ్లు లేకుండానే తీర్పు వస్తుంది. శిక్ష పడినవాళ్లలో 70 శాతానికి పైగా ఆడవాళ్లే. వాళ్లు ఎక్కువ చూస్తారని కాదు, తనిఖీ మనిషి పగలు తలుపు తట్టినప్పుడు ఇంట్లో ఉండి తలుపు తీసేది వాళ్లే. (తెలుగు పాఠకులకు ఒక మాట: వారంటు లేకుండా ఆ మనిషిని లోపలికి రానివ్వాల్సిన పని లేదు.) కరెంటు బిల్లు కట్టకపోతే నేరస్థులం కాము. టీవీ విషయంలో మాత్రం ఎందుకు? 2021లో అప్పటి మంత్రి ఆలివర్ డౌడెన్ దీన్ని నేరాల జాబితా నుంచి తీయడాన్ని పరిశీలించి, చివరికి వాయిదా వేశారు. ఆ ఫైలు మీ శాఖలోనే ఉంది.

లైసెన్సు ఎత్తేసి బడ్జెట్ నుంచి డబ్బివ్వండి అని మాత్రం నేను అడగను. దాని రుచి మాకు తెలుసు. మా పెద్దవాళ్లు రేడియో లైసెన్సు పుస్తకం పట్టుకుని పోస్టాఫీసులో వరుసలో నిలబడ్డవాళ్లే. 1980లలో ఇండియాలో అది పోయింది, అందరూ సంతోషించారు. దూరదర్శన్, ఆకాశవాణి ఢిల్లీ ఇచ్చే డబ్బు మీద నడిచాయి. ప్రసార భారతి చట్టం 1990లో చేశారు, 1997లో గానీ అమల్లోకి రాలేదు, వచ్చాక కూడా డబ్బు సంచి ప్రభుత్వం దగ్గరే ఉంది. అక్కడి వార్తలు చూసినవాళ్లకు మిగతా కథ చెప్పక్కర్లేదు. అమెజాన్ లాగా చందా పెట్టేస్తే ఇప్పుడు కట్టలేనివాళ్లకు వార్తలూ ఉండవు, పిల్లల కార్యక్రమాలూ ఉండవు.

నా ఓటు ఫిన్లండ్ దారికి. 2013 నుంచి అక్కడ ఆదాయాన్ని బట్టి ప్రజా ప్రసార పన్ను తీసుకుంటున్నారు, తక్కువ సంపాదించేవాళ్ల మీద భారం పడదు. జర్మనీ కూడా 2013లోనే టీవీ ఉందా లేదా అన్న ప్రశ్న మానేసి ఇంటికి ఇంత అని పెట్టింది, నెలకు 18.36 యూరోలు. ధనికుడికీ మామూలు ఉద్యోగికీ ఒకే మొత్తం కాబట్టి నాకు అది రెండో స్థానమే. ఏది తీసుకున్నా ఎవరు ఏ ఛానెల్ ఏ క్షణంలో చూశారని అడిగే పని ఉండదు, తలుపు తట్టే మనిషి ఉండడు. అప్పుడు కూడా యాంకర్ల మీద గొడవలు ఉంటాయి, మనుషులం కదా. కానీ ఆ గొడవలో కోర్టు సమన్లు కలవవు.

చార్టర్ ముగిసేదాకా ఆగకుండా చేయగలిగినవి రెండున్నాయి. బ్యాటరీ నిబంధన 2004 నాటి రెగ్యులేషన్లలో ఉంది, దాన్ని మార్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తల్లిదండ్రులు విదేశాల్లో ఉన్న విద్యార్థికి కూడా అది వర్తించేలా సవరించండి. బ్రిటన్‌లో ప్రసారం కాని విదేశీ ఛానెళ్లను ఇంటర్నెట్‌లో చూడటాన్ని లైసెన్సు పరిధి నుంచి తీయడం సాధ్యమో కాదో మీ న్యాయాధికారులతో పరిశీలింపజేసి, ఆ అభిప్రాయాన్ని బయటపెట్టండి. కుదరదంటే ఎందుకు కుదరదో కారణంతో రాయండి. ఆ జవాబును తెలుగులోకి మార్చి అందరికీ పంచే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
ఏటా లైసెన్సు కడుతున్న ఒక తెలుగు ప్రేక్షకుడు,
లెస్టర్