500 నోటు తీసేసే ముందు చిల్లర పంపండి

గౌరవనీయులైన కేంద్ర ఆర్థిక మంత్రి శ్రీమతి నిర్మలా సీతారామన్ గారికి,

నమస్కారం మేడమ్. 500 నోటు రద్దవుతుందన్న మాట వాట్సాప్‌లో మళ్ళీ మళ్ళీ తిరుగుతోంది. అలాంటి ప్రతిపాదన లేదని ప్రభుత్వం పార్లమెంటులోనే చెప్పింది. అయినా జనంలో భయం పోలేదు. 2025 మే నెలలో కడప మహానాడులో మా ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు గారు 500 నోటు కూడా రద్దు చేయాలని కోరినప్పుడు, మా కిరాణా కొట్టుకు వచ్చిన ఆడవాళ్ళు అడిగింది ఒక్కటే: "ఇంట్లో దాచుకున్నవి ఇప్పుడే బ్యాంకులో వేసేయాలా అక్కా?"

ముఖ్యమంత్రి గారి ఉద్దేశం నాకు అర్థమైంది. ఎన్నికలప్పుడు పెద్ద నోట్లు ఊళ్ళలోకి ఎలా దిగుతాయో మేమూ చూస్తున్నాం. 500 నోటు ఎప్పటికీ ఉండి తీరాలని నేను పట్టుబట్టను. కానీ 2016లో పోయినట్టు మాత్రం పోకూడదు.

ఆ నవంబరులో మా గోదావరి జిల్లాల్లో సార్వా కోతలు. రైతు చేతిలో కొత్త నోటు లేదు, కూలీకి ఇవ్వడానికి పాతది చెల్లదు. ఊరంతా అరువు మీదే తిన్నది. కొట్టులో సరుకు అయిపోయినా హోల్‌సేల్ వాళ్ళకి కట్టడానికి నా దగ్గర డబ్బు లేదు. అంతకంటే నన్ను బాధపెట్టింది ఆడవాళ్ళ పరిస్థితి. నరసాపురం కోడలిగా మీకు తెలిసే ఉంటుంది, మా వైపు లేసు అల్లే ఆడవాళ్ళు ఎంత తక్కువ కూలికి కళ్ళు పోగొట్టుకుంటారో. అందులోంచే కొంత మిగిల్చి, మొగుడి కంట పడకుండా పోపుల డబ్బాలోనో బియ్యం డ్రమ్ములోనో దాస్తారు. పిల్ల ఫీజుకో, ఆపరేషన్‌కో ఆ డబ్బే దిక్కు. రెండున్నర లక్షల లోపు జమలను ప్రశ్నించబోమని అప్పుడు ప్రభుత్వం చెప్పింది, నిజమే. కానీ వాళ్ళు భయపడింది ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి కాదు, ఇంట్లోవాళ్ళకి. డబ్బు బయటపడ్డాక దాని మీద వాళ్ళ మాట చెల్లలేదు. తాగుడుకు పోయిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ నష్టం ఏ లెక్కలోనూ రాలేదు.

లెక్కల్లోకి వచ్చింది వేరే. రద్దయిన 15.41 లక్షల కోట్లలో 15.31 లక్షల కోట్లు బ్యాంకులకు తిరిగొచ్చాయని రిజర్వు బ్యాంకే చెప్పింది. అంటే 99.3 శాతం. నల్లధనం నోట్ల రూపంలో ఉండిపోయి చెల్లకుండా పోలేదు.

2000 నోటు సంగతి చూడండి. 2018-19లోనే ముద్రణ ఆపేశారు. 2023 మే 19న ఉపసంహరణ ప్రకటించేనాటికి చలామణీలో దాని వాటా 10.8 శాతానికి తగ్గిపోయింది. మార్చుకోవడానికి నెలల గడువు ఇచ్చారు, చెల్లదని అనలేదు. మా ఊళ్ళో ఎవరికీ టెన్షన్ పట్టలేదు. ఇది మీ హయాంలో జరిగిన పనే. మంచి పని.

500 విషయంలో ఇబ్బంది ఎక్కడంటే, 2025 మార్చి నాటికి చలామణీలో ఉన్న నోట్ల విలువలో దాదాపు 86 శాతం దానిదే. 2016లో రద్దయిన 500, 1000 రెండూ కలిపి ఉన్నది కూడా ఇంచుమించు అంతే. ఆ వాటా దిగకుండా ముట్టుకుంటే మళ్ళీ అదే గతి పడుతుంది. కాబట్టి ముందు 100, 200 నోట్లు, 50లు, 20లు ధారాళంగా రావాలి. ఒకటో తారీఖున పింఛను 4000 ఇస్తే అవ్వ చేతిలో పడేవి ఎక్కువగా ఎనిమిది 500 నోట్లు. నాట్ల కూలి ఇద్దరు మనుషులకు కలిపి పెద్ద నోట్లే ఇస్తే, పంచుకోవడానికి నా కొట్టుకొచ్చి అవసరం లేని సబ్బు కొంటారు. నా గల్లాపెట్టెలోనూ చిల్లర ఉండదు. ఫోన్‌పే చేయమందామంటే వాళ్ళ దగ్గర ఉన్నది బటన్ ఫోను.

2025 సెప్టెంబరు 30కి 75 శాతం ఏటీఎంలు, 2026 మార్చి 31కి 90 శాతం ఏటీఎంలు లోపల నోట్లు పెట్టే కనీసం ఒక క్యాసెట్ (డబ్బా) నుంచి 100 గానీ 200 గానీ ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఆ లెక్కలో పట్నం ఏటీఎంలే నిండిపోకుండా, మండలాల వారీగా వివరాలు బయటపెట్టించండి. ఏటీఎం లేని ఊళ్ళకు వచ్చే బ్యాంకు మిత్రల దగ్గరా చిన్న నోట్లు ఉండేలా చూడండి.

ఎప్పుడైనా ఈ నోటును నిజంగా తీసేయాలనుకుంటే పార్లమెంటులో చర్చించి చట్టం చేయండి. 2023 జనవరి 2న సుప్రీంకోర్టు 4-1తో నోట్ల రద్దును సమర్థించినా, విభేదించిన జస్టిస్ బి.వి. నాగరత్న గారు అడిగింది ఇదే: కేంద్రమే తలపెట్టిన రద్దు చట్టం ద్వారా జరగాలని. ముందు ముద్రణ ఆపండి, తేదీ రెండేళ్ళ ముందే చెప్పండి, పోస్టాఫీసుల్లో కూడా మార్చుకోనివ్వండి. మార్చుకోవడానికి ఒంటరిగా వచ్చిన ఆడమనిషిని, కొద్ది మొత్తమే అయితే, ఖాతా అడగకుండా చేతికే డబ్బు ఇప్పించండి.

ఇట్లు,
ఒక కిరాణా కొట్టు యజమానురాలు, డ్వాక్రా సభ్యురాలు
పశ్చిమ గోదావరి జిల్లా