ఈ ఏడాది ఆవకాయ లేదు, అంగడి ఉంది

ముందు చేదు మాట చెప్పేస్తాను. ఈ వేసవిలో మా దగ్గర ఆవకాయ ఉండదు. ముందుగా కట్టిన డబ్బు అందరికీ తిరిగి పంపేశాను. ఎవరికైనా అందకపోతే ఒక్క సందేశం పెట్టండి, ఆ రోజే చూస్తాను. కందిపొడి, నల్లకారం, కరివేపాకు కారం, పులిహోర పులుసు, నిమ్మకాయ ఊరగాయ ఎప్పటిలాగే దొరుకుతాయి. వ్యాపారం మూసెయ్యలేదు. మూసే ఆలోచన కూడా లేదు. ఈ మాట విడిగా రాయాల్సి వచ్చిందంటే కారణం ఉంది: "కొండల్లోకి పోయారు కదా, ఇక వాళ్ల పని అయిపోయినట్టే" అని మన వాళ్లలోనే ఒకరు మరొకరికి చెప్పారట. అది తిరిగి తిరిగి నా చెవిన పడింది.

తెలియనివారి కోసం: గత అక్టోబరులో మేం టెక్సస్‌లోని ఫ్రిస్కో వదిలి కొలరాడోలోని సలైడా అనే చిన్న ఊరికి వచ్చాం. మా వారికి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అంతే కథ. డబ్బు ఎక్కువై కొండ మీద బంగళా కొన్నామన్న కబురు కూడా విన్నాను. ఇది ఆర్కాన్సా నది ఒడ్డున ఉన్న ఊరు. 2020 జనాభా లెక్కల్లో ఆరు వేల మంది కూడా లేరు. వేసవిలో నదిలో పడవలేసుకునే జనం, చలికాలంలో మంచు మీద జారే జనం వస్తూనే ఉంటారు కాబట్టి అద్దెలు మాత్రం నగరంలో లాగే ఉన్నాయి. మేం ఉంటున్నది రెండు గదుల అద్దె ఇల్లు. బంగళా గురించి ఇక అడగవద్దు.

టెక్సస్‌లో ఉన్నప్పుడు ఇంటి వంటగదిలోనే చేసి, శనివారం సాయంత్రం మీ చేతికే ఇచ్చేదాన్ని. అక్కడి చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కొలరాడోలోనూ ఇంట్లో చేసి అమ్ముకోవచ్చు, కానీ రాష్ట్రం లోపలే, నేరుగా కొనేవారికే. నా పొడి తినేవాళ్లలో ముప్పాతిక మంది టెక్సస్‌లోనే ఉన్నారు. వాళ్లకు పంపాలంటే అనుమతి ఉన్న వంటగదిలో చెయ్యాలి, ఫెడరల్ ఆహార శాఖలో నమోదు కావాలి, ఊరగాయలకైతే పులుపు పరీక్ష చేయించి పీహెచ్ 4.6 మించలేదని (ఈ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఎక్కువ) చూపించాలి. ఇవన్నీ పూర్తి చేశాను. పొడి ప్యాకెట్ మీద డాలరున్నర పెరిగింది అందుకే. తపాలా ఖర్చు దానికి అదనం. బేరం ఆడవద్దు, దీనిలో నాకు మిగిలేది ఏమీ లేదు.

వంటగది ఒక బేకరీవాళ్లది. సోమవారం వాళ్లకు సెలవు కాబట్టి సోమవారం నాది. మొదటిసారి ఎండుమిరపకాయలు వేయించిన రోజున ఆ ఘాటు గోడ దాటి పక్కనున్న సైకిళ్ల కొట్లోకి వెళ్లింది. కొట్టు యజమాని కళ్లు తుడుచుకుంటూ వచ్చి ఏదైనా కాలిపోతోందా అని అడిగాడు. కాలడం లేదు, నల్లకారం తయారవుతోందని చెప్పాను. అప్పటి నుంచి మిరపకాయలు తెల్లవారుజామున, అతను తలుపులు తెరవక ముందే వేయిస్తున్నాను. ఫ్రిస్కోలో చెయ్యి వేయడానికి ఇద్దరు ఉండేవారు, ఇక్కడ నేనొక్కదాన్నే. అందుకే ఆర్డరు వారానికి ఒకసారే కదులుతుంది.

ప్యాకెట్ల సంగతి. "ఈసారి ప్యాకెట్ నొక్కుకుపోయి వచ్చింది, తూకం తగ్గించారా?" అని చాలామంది అడిగారు. కొందరు మర్యాదగా, కొందరు మర్యాద లేకుండా. సలైడా ఏడు వేల అడుగుల ఎత్తున ఉంది. ఇక్కడ గాలి పలచన. ఇక్కడ సీలు వేసిన ప్యాకెట్ పల్లంలో ఉన్న ఫ్రిస్కో చేరేసరికి అక్కడి గాలి ఒత్తిడికి లోపలి గాలి సుమారు అయిదో వంతు కుంచించుకుపోతుంది, దాంతో ప్యాకెట్ పొడిని అంటుకుపోతుంది. సీసా మూత తీయడం కష్టమవుతున్నదీ అందుకే. అటు నుంచి నాకు వచ్చే ఇంగువ, ఆవాల ప్యాకెట్లు ఇందుకు పూర్తి విరుద్ధంగా పగిలిపోతాయేమో అన్నట్టు ఉబ్బి వస్తాయి. తూకం 250 గ్రాములే. నమ్మకం కుదరకపోతే ఇంట్లో తూచుకుని ఫొటో పంపండి, తక్కువ ఉంటే రెండు ప్యాకెట్లు ఉచితంగా పంపుతాను. ఇంతవరకూ అలా పంపాల్సిన అవసరం రాలేదు.

పులిహోర పులుసు చిక్కదనంలో తేడా కనిపెట్టినవారికి నా నమస్కారం. ఇక్కడ నీళ్లు 93 డిగ్రీలకే మరిగిపోతాయి, చింతపండు పులుసు ఎంతసేపు ఉడికినా పచ్చివాసన ఒక పట్టాన పోదు. ఇప్పుడు దాదాపు రెట్టింపు సేపు ఉడికిస్తున్నాను. మార్చి నుంచి వచ్చిన సీసాలు సరిగ్గా ఉన్నాయి.

ఇక ఆవకాయ.

ఆవకాయ పెట్టడానికి ఈ దేశంలో నాకు కుదిరిన కాయ మెక్సికో నుంచి వచ్చే టామీ అట్కిన్స్. పండు తినేవాళ్లు దాన్ని తిట్టుకుంటారు, పీచు ఎక్కువని. ఆ పీచే నాకు కావాలి. ముదిరిన పచ్చికాయైతే టెంక కట్టి ఉంటుంది, ముక్క టెంకను పట్టుకుని ఏడాదంతా నిలుస్తుంది. మన చిన్నరసం కాయ పులుపు రాదు, నిజమే. ఆంధ్ర నుంచే తెప్పించరాదా అని అడిగినవారికి: 2007 నుంచి భారతదేశపు మామిడి అమెరికాకు వస్తోంది, కానీ రేడియేషన్ చికిత్స చేసి, విమానంలో, పండుగా తినడానికి. ఆ ధర పెట్టి ఆవకాయ పెడితే సీసాను నగల కొట్లో అమ్ముకోవాలి.

కాయలు నాకు డాలస్‌లోని ఒక టోకు వ్యాపారి ఇచ్చేవారు. పేరు చెప్పను. ఆరేళ్లుగా ఆయన దగ్గరే కొన్నాను, ఎప్పుడూ ముందే డబ్బు కట్టాను, ఒక్కసారి కూడా బాకీ పెట్టలేదు. మేం ఊరు మారుతున్నామని చెప్పినప్పుడు, "డెన్వర్ దాకా నా బాధ్యతమ్మా, అక్కడి నుంచి మీరు చూసుకోండి" అన్నారు. సరే అన్నాను. మే నెల మొదటి వారానికి 60 పెట్టెలు చెప్పాను. ముదురు పచ్చికాయ, రాయిలా గట్టిగా ఉండాలి, అరటిపండ్లతో గాని టమాటాలతో గాని కలిపి ఎక్కించకూడదు అని రాతపూర్వకంగా పంపాను. ఆ సందేశం ఇప్పటికీ నా ఫోనులో ఉంది, "అలాగే" అన్న ఆయన జవాబుతో సహా.

కాయలు పది రోజులు ఆలస్యంగా డెన్వర్ చేరాయి. లారీలో సగం అరటి గెలలే. అరటిపండు విడిచే ఎథిలీన్ వాయువు పక్కనున్న మామిడిని కూడా ముగ్గబెడుతుందని కూరగాయల వ్యాపారం చేసేవాళ్లెవరికైనా తెలుసు, ఆయనకు తెలియకపోవడం జరగదు. పైగా శని ఆదివారాలు గోదాంలోనే పడి ఉన్నాయి. అక్కడి నుంచి 285 రోడ్డు మీద, పది వేల అడుగుల ఎత్తున్న కెనోషా కనుమ దాటుకుని, వాటిని మేమే వ్యానులో తెచ్చుకున్నాం. డెన్వర్ నుంచి ఈ ఊరికి దగ్గర దారి అదే. 1880లో రైలు మార్గం కోసమే పుట్టిన ఊరు ఇది, 1997 నుంచి ఈ మార్గంలో రైళ్లే నడవడం లేదు. ఏది రావాలన్నా రోడ్డు మీదే రావాలి.

పైకి చూస్తే కాయలు పచ్చగానే ఉన్నాయి. ఒకటి తీసి కత్తిపీట మీద పెట్టి తెగ్గొట్టాను. టెంక చీలింది గాని కండ టెంకను వదిలి పక్కకు జారింది. లోపల లేత పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన. రెండోది, పదోది, వేరే పెట్టెలోది, అడుగు పెట్టెలోది, అన్నీ దోరకాయలే. ఎక్కడో ఒకటి గట్టిది దొరికితే ఆశ పుట్టేది, పక్కది కోయగానే పోయేది. అన్నీ కోసి ఏరితే మంచి ముక్క ఒక వంతు కూడా తేలలేదు.

ఆయనకు ఫోను చేశాను. "పచ్చగానే ఉన్నాయి కదమ్మా" అన్నారు. లోపలి రంగు ఫొటోలు పంపాను. "ఆవపిండి, కారం పడ్డాక ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. నాకు తెలుస్తుంది. దోరకాయ ముక్క నెల తిరక్కుండా మెత్తబడి గుజ్జవుతుంది, ఊటకు తీపి వస్తుంది. ఆగస్టులో మూత తీసిన మీకూ తెలుస్తుంది. చివరికి ఆయన అన్న మాట ఇది: "కొండ మీదికి పోయింది మీరు, నేను కాదు." సగం డబ్బు తిరిగి ఇచ్చారు. మిగతా సగం కోసం ఇక ఫోను చెయ్యను, ఆయన దగ్గర కొననూ కొనను. ఆ కాయల్లో కొన్ని పప్పులోకి వెళ్లాయి, మిగతావి ముగ్గబెట్టి ఇరుగుపొరుగుకు పంచాను. బేకరీవాళ్లు వాటితో ఏదో కేకు చేసి అమ్ముకున్నారు. వాళ్లకైనా లాభం వచ్చింది.

అప్పుడే న్యూజెర్సీ నుంచి ఒక ఊరగాయల తయారీ సంస్థ కబురు పెట్టింది. మీ ఆవకాయ కొలతలు మాకివ్వండి, మేం పెట్టి సీసాలకెత్తి మీ పేరు అంటించి నేరుగా మీ కొనుగోలుదారులకే పంపుతాం అన్నారు. నాకు కష్టం లేదు, కాయల బెంగ లేదు, మీకు జూన్‌లోనే ఆవకాయ. ఒప్పందం కాగితాలు కూడా పంపారు. మా వారు సంతకం పెట్టమన్నారు. లెక్క వేస్తే ఆయన మాటే సరి. ఆ కాగితాలు బియ్యం డబ్బా మీద చాలా రోజులు ఉన్నాయి.

వాళ్ల షరతులు ఇవి. టెంక లేని ముక్కలు, గడ్డకట్టించి నిల్వ చేసినవి. నువ్వుల నూనె బదులు సోయా నూనె. పులుపు కొలతలో తేడా రాకుండా కొంచెం వెనిగర్. ఆవపిండి కూడా ముందే పట్టించి ఉంచినది. నమూనా సీసా పంపమన్నాను. వేడి అన్నంలో నెయ్యి వేసుకుని కలుపుకున్నాను. చెడ్డగా ఉంటే నా పని సులువయ్యేది. చెడ్డగా లేదు. మా అమ్మాయి మారు అన్నం పెట్టించుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు, నిజం చెబుతున్నాను. ఇన్నాళ్లూ నేను పడ్డ పాటు దేనికి, టెంక కోసమా, నూనె కోసమా, లేక పంతం కోసమా అని. మర్నాడు పొద్దున మళ్లీ ఒక ముక్క నోట్లో వేసుకున్నాను. వెనిగర్ ముక్కులోకి కొట్టింది. ముక్క కొరకగానే తెగిపోయింది, చప్పరించడానికి టెంక లేదు. నా పేరున్న సీసా చేత్తో పట్టుకుని "ఇది మీరే పెట్టారా?" అని మీలో ఒకరు అడిగితే ఏం చెప్పాలో నాకు తోచలేదు. కాగితాలు సంతకం లేకుండానే తిప్పి పంపాను.

నష్టం ఎంతో మీకు చెప్పాల్సిన పని లేదు. ఏటా వచ్చే రాబడిలో పెద్ద వాటా ఆవకాయదే అని మాత్రం మీకు తెలిసి ఉంటుంది. మా వారు ఒక మాట కూడా అనలేదు, అంటే బాగుండేది.

కొందరు మాగాయ, వడియాలు అడిగారు. ఇక్కడి ఎండకు వడియాలు సాయంత్రానికే గలగలలాడతాయి, పొడిగాలి అలాంటిది. అయితే ఆరుబయట ఎండబెట్టినవి అమ్మడానికి అనుమతి లేదు. అవి మా ఇంటి వరకే, ఊరించాలని చెప్పడం లేదు.

ఆర్డర్లు ఆదివారం రాత్రి పది లోపు ఇవ్వండి. సోమవారం చేసి మంగళవారం తపాలాలో వేస్తాను. ఫ్రిస్కో, ఇర్వింగ్, ప్లేనో వాళ్లకు మామూలుగా శుక్రవారానికి అందుతుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కనుమల్లో మంచు పడి రోడ్డు మూస్తే ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. అలాంటప్పుడు నేనే ముందు సందేశం పెడతాను, "ఎక్కడుంది ఎక్కడుంది" అని గంటగంటకూ అడగకండి. ఖాళీ సీసాలు దాచిపెట్టినవారు ఇక దాచనక్కర్లేదు, అంత దూరం నుంచి తెప్పించుకుంటే సీసా కన్నా తపాలా ఖర్చు ఎక్కువ.

వచ్చే ఏడాది కాయల కోసం కాలిఫోర్నియాలో ఇద్దరు వ్యాపారులతో మాట్లాడుతున్నాను. ఈసారి కాయ కోసి చూశాకే డబ్బు. కుదిరితే ఏప్రిల్‌లో నేనే చెబుతాను. అంతవరకు ఆవకాయ ఎక్కడ కొనుక్కున్నా నాకు అభ్యంతరం లేదు, ఎక్కడ బాగుందో మాత్రం నాకు చెప్పకండి.