ఆ రాత్రి మా పాప కోసం పరుగెత్తినవారికి

మా పాప ఇంటికి వచ్చి ఎనిమిది రోజులైంది. నిన్నటి నుంచి మళ్ళీ చెప్పులు నోట్లో పెట్టుకుంటోంది. అంటే కోలుకున్నట్టే.

తప్పు నాదే. పదకొండు నెలల పిల్ల, పళ్ళు వస్తూ ఏడుస్తుంటే మా అత్తగారు నోటిపూతకు వాడే జెల్ తీసుకుని చిగుళ్ళకు రాశాను. సాయంత్రంలోగా నాలుగుసార్లు. అందులో 20 శాతం బెంజోకెయిన్ అనే తిమ్మిరెక్కించే మందు ఉందని ట్యూబు మీద రాసే ఉంది, నేను చదవలేదు. రెండేళ్ళలోపు పిల్లలకు పళ్ళు వచ్చేటప్పుడు ఇలాంటివి వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లోనే హెచ్చరించిందట.

రాత్రి తొమ్మిదింటికి పాప పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు నల్లబడ్డాయి. ఎదురింటి ఆటో అన్నయ్య కంచం ముందు నుంచి లేచి, ఎంగిలిచేయి లుంగీకి తుడుచుకుంటూనే బండి తీశారు. మర్నాడు డబ్బులు ఇవ్వబోతే నాతో మాట్లాడటం మానేశారు. ఇంకా అలక తీరలేదు.

ఆసుపత్రిలో ఆక్సిజన్ ఎంత పెట్టినా రక్తంలో ఆక్సిజన్ చూపే మీటరు 85 శాతం దగ్గరే ఆగిపోయింది. గుండె, ఊపిరితిత్తులు బాగానే ఉన్నాయన్నారు. అప్పుడు నర్సమ్మ సిరంజిలోకి తీసిన రక్తాన్ని లైటు కింద పట్టుకుని, "సార్, ఈ రంగు చూడండి" అన్నారు. డాక్టరుగారు తెల్లటి గాజుగుడ్డ మీద పాప రక్తం ఒక చుక్క, నా వేలు పొడిచి నాది ఒక చుక్క పక్కపక్కనే వేశారు. నాది ఎర్రగా ఉంది. పాపది చాక్లెట్ రంగు, గాలి తగిలినా ఎర్రబడలేదు. వెంటనే అడిగారు: "నోటికి ఏమైనా రాశారా?"

ఆ జెల్ వల్ల వచ్చింది మెథిమోగ్లోబినీమియా. హిమోగ్లోబిన్‌లోని ఇనుము రూపు మారి ఆక్సిజన్‌ను మోయలేకపోతుంది. విరుగుడు మిథిలీన్ బ్లూ. అక్కడ నిల్వ లేదు. మందుల కౌంటరులోని కుర్రాడు వరుసగా ఫోన్లు చేసి, దొరికిన చోటికి తానే బైకు మీద వెళ్ళి తెచ్చాడు. ఈలోగా డాక్టరుగారు మా అమ్మను ఫోనులో నిద్రలేపి, మలేరియా మందు వేసుకుని కామెర్లు వచ్చినవారు మా వంశంలో ఉన్నారా అని ఆరా తీశారు. జీ6పీడీ లోపం, అంటే ఎర్రరక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం, ఉంటే ఈ విరుగుడే ఆ కణాలను పగలగొట్టేస్తుందట.

తొమ్మిది కిలోల పాపకు 0.9 మిల్లీలీటర్లు. అయిదు నిమిషాల పాటు మెల్లగా ఎక్కించారు. అరగంటలో పెదవులకు రంగు తిరిగింది. తెల్లవారాక తడిసిన గుడ్డ ఆకుపచ్చగా కనిపించి నేను కేకపెడితే, "మందే బయటికి పోతోంది నాన్నా" అని నర్సమ్మ నవ్వారు.

అందరికీ చేతులెత్తి నమస్కారం. నర్సమ్మా, కంగారులో మీ పేరు కూడా అడగలేదు. ఆదివారం పాపను తీసుకుని వస్తున్నాం. మీకు రాత్రి డ్యూటీ అయితే రాత్రికే వస్తాం.