సముద్రపు ఒడ్డు కాటేజీ: డబ్బు వాపసు కోరుతూ ఫిర్యాదు

ఏలూరు,
26 డిసెంబరు 2025.

మేనేజరు గారికి,

విషయం: అంతర్వేది దగ్గరి మీ కాటేజీలో డిసెంబరు 19 నుంచి 22 వరకు మా బస.

అయ్యా,

మూడు రాత్రులకు రూ.13,500 అద్దె, రూ.2,000 డిపాజిట్ ముందే కట్టాను. నిన్న డిపాజిట్‌లో రూ.1,200 మాత్రం తిరిగొచ్చింది. మిగతా రూ.800 ‘గిన్నె మాడ్చినందుకు’ పట్టుకున్నామని మెసేజ్ పెట్టారు. అప్పటిదాకా పోనీలే అని ఊరుకున్నవాణ్ణి, ఆ మెసేజ్ చూశాక కాగితం కలం తీసుకున్నాను.

కాబట్టి ముందు గిన్నె సంగతే చెబుతాను. ‘అన్ని వసతులూ ఉన్న కిచెన్, వంట మీరే చేసుకోవచ్చు’ అన్న మాట చూసే మీ కాటేజీ తీసుకున్నాం. మా ఆవిడకు బయటి తిండి పడదు. పప్పూ ఉప్పూ ఇంటినుంచే మూటకట్టుకుని, నరసాపురంలో గోదావరి దాటించే పంటు ఎక్కి, సఖినేటిపల్లి రేవులో దిగి, దారిలో పల్లిపాలెంలో చందువ చేపలు కూడా కొన్నాం. తీరా చూస్తే మీ కిచెన్‌లో ఉన్నది ఒక్క ఇండక్షన్ పొయ్యి. గిన్నెలేమో నాలుగూ సాదా అల్యూమినియంవి. అయస్కాంతం అంటుకోని గిన్నెను ఆ పొయ్యి గుర్తించదు. కూత పెట్టి ఆగిపోతుంది. గంటసేపు అది కూస్తూనే ఉంది, చేపలు కడిగినవి కడిగినట్టే ఉన్నాయి. ఫోన్ చేస్తే మీవాళ్లు ‘ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి సార్’ అన్నారు. రాత్రి ఎనిమిదింటికి, ఆ కొబ్బరి తోటల మధ్యకి ఎవరు తెస్తారు?

పక్క తోటలో ఉంటున్న ఒకావిడ మా అవస్థ చూసి తన కట్టెల పొయ్యి చూపించింది. ఉన్న మూడు రోజులూ మా వంట ఆవిడ వాకిట్లోనే. గిన్నె అడుగున మసి పట్టిన మాట నిజం. మా ఆవిడ బూడిదా కొబ్బరి పీచూ పెట్టి తోమినా పూర్తిగా వదల్లేదు. మీ పొయ్యి మీద పెట్టిన గిన్నె గోరువెచ్చగా కూడా కాలేదు, ఇక మాడేదెక్కడ? కుళాయి నీళ్లు ఉప్పగా ఉండటాన్ని తప్పుపట్టను. సముద్రం పక్కన బోరు నీళ్లు అలాగే ఉంటాయి. ముందే ఒక్క మాట చెప్పి ఉంటే క్యాన్లు తెచ్చుకునేవాళ్లం.

‘సముద్రానికి వంద మీటర్లు’ అని కూడా రాశారు. వరండాలోంచి అలలు కనిపిస్తాయి, కాదనను. కానీ మధ్యలో మురుగు కాలువ ఉంది, దాని మీద వంతెన లేదు. చుట్టూ తిరిగి వెళ్లేసరికి రెండు కిలోమీటర్ల నడక. అంటే కంటికి వంద మీటర్లు, కాలికి రెండు కిలోమీటర్లు. నాకు మోకాళ్ల నొప్పి. మొదటిరోజు సగం దూరం నుంచి వెనక్కి వచ్చేశాను.

అన్నిటికంటే నన్ను బాధపెట్టింది పక్షుల వ్యవహారం. నేను కొల్లేరు పక్కన పెరిగినవాణ్ణి. అక్కడి ఆటపాక గూడబాతులు (పెలికాన్లు) నాకు కొత్త కాదు. మా మనవరాలికి సముద్రపు పిట్టలు చూపించాలనే ఈ ప్రయాణం పెట్టుకున్నాను. మీ ప్రకటనలో మడ అడవి మధ్య చెక్క వంతెన ఫోటో వేసి, కింద ‘కాటేజీ నుంచి కాలినడకన’ అన్నారు. ఆ వంతెన కాకినాడ దగ్గర కోరింగలోది. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన అడవి అది. అంతర్వేది నుంచి అక్కడికి వెళ్లాలంటే వైనతేయ, వృద్ధ గౌతమి, గౌతమి అనే మూడు గోదావరి పాయలూ దాటాలి. కారులోనే పూట గడిచిపోతుంది. కాలినడకన ఎవరు వెళ్తారండీ?

సరే, దగ్గర్లో ఉన్నవే చూద్దామనుకుంటే, మీ ‘పక్షుల నడక’ ఉదయం 8 గంటలకు. మేం వెళ్లిన 20వ తేదీ అమావాస్య. పోటు బాగా ఎక్కి బురద మేటలన్నీ మునిగిపోయాయి. ఉల్లంకి పిట్టలు నీళ్లు తీసినప్పుడు బురదలో పురుగుల కోసం దిగుతాయి, నిండు పోటులో వాటికి అక్కడ పనేముంటుంది? దారి చూపించడానికి వచ్చిన కుర్రాడు పాపం నాలుగు కాకుల్ని, ఒక గరుడ పక్షిని చూపించి సరిపెట్టాడు. అతన్ని ఏమీ అనకండి, మీరిచ్చిన టైమే తప్పు. మధ్యాహ్నం మూడింటికి మేమే గోదావరి సముద్రంలో కలిసేచోట ఉన్న అన్నాచెల్లెళ్ల గట్టు వైపు వెళితే, అదే మేట మీద ఉల్లంకులు గుంపులుగా ఉన్నాయి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. లకుముకి పిట్ట ఒకటి మా ముందే మునిగి చేపతో లేచింది. మా మనవరాలు బైనాక్యులర్ దించలేదు. ఆ గంట బాగుంది, అందులో మీ ప్రమేయం ఏమీ లేదు.

గదిలో గోడకు తగిలించిన పక్షుల చార్టు మాట కూడా చెప్పాలి. అందులో పఫిన్ బొమ్మ ఉంది! ఎర్ర ముక్కుతో ఉండే ఆ పక్షి ఉత్తర అట్లాంటిక్ తీరాలది. మా మనవరాలు చూసి ‘తాతయ్యా, ఇది గోదావరికి ఎలా వచ్చింది?’ అని పడీపడీ నవ్వింది. చార్టు తయారు చేసినవాళ్లు ఒక్కసారైనా ఈ ఒడ్డున నిలబడి ఉండరని అప్పుడే అర్థమైంది.

నేను అడిగేవి ఇవి. పట్టుకున్న రూ.800 వెంటనే ఇవ్వండి. మీరు రాసిన కిచెన్, సముద్రం, పక్షుల నడక మూడూ అక్కడ లేవు కాబట్టి అద్దెలో సగం, అంటే రూ.6,750 వాపసు చెయ్యండి. ఉన్న పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వాచ్‌మన్ మర్యాదస్తుడు, అందుకే సగమే అడుగుతున్నాను. కోరింగ ఫోటో, ‘వంద మీటర్లు’ అన్న మాట ప్రకటనలోంచి తీసేయండి. వలస పక్షుల కోసం ఫిబ్రవరి దాకా జనం వస్తూనే ఉంటారు. వాళ్లకు పోటు ఎప్పుడో, నీళ్లు తీసే పాటు ఎప్పుడో రాసిన ఒక కాగితం గదిలో పెట్టండి. పల్లిపాలెంలో ఎవరినడిగినా చెబుతారు.

15 రోజులు చూస్తాను. జవాబు రాకపోతే 1915 నంబరు వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాను. అప్పటికీ తేలకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. దానికోసం మీ ఊరు రానక్కర్లేదు.

ఇట్లు,
మీ కాటేజీలో బస చేసిన ఒక రిటైర్డ్ టీచరు

జతపరిచినవి: చెల్లింపు రసీదు, మీ ప్రకటన కాపీ, కాలువ ఫోటో, పఫిన్ ఉన్న చార్టు ఫోటో, మసిపట్టిన గిన్నె ఫోటో.