బండి నంబరు టికెట్ కొనకముందే చెప్పాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్ నుంచి బెంగళూరుకు రాత్రి బస్సు టికెట్ కొనేటప్పుడు మనకు అన్నీ చూపిస్తారు, బస్సును తప్ప. బెర్తు పైదా కిందదా, దుప్పటి ఇస్తారా, చార్జింగ్ పాయింటు ఉందా, పక్క బెర్తు బుక్ చేసుకున్నది ఆడవాళ్లా మగవాళ్లా అన్నది కూడా రంగు వేసి మరీ చూపిస్తారు. ఆ రాత్రి మనం ఎక్కబోయే బండి ఏది, దాని వయసెంత, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉందా లేదా అన్నది మాత్రం డబ్బు కట్టాక, అదీ బయల్దేరే ముందు వచ్చే మెసేజ్‌ను బట్టి మనమే తెలుసుకోవాలి. రవాణా శాఖ ఈ ఒక్క విషయం పట్టించుకోవాలని ఈ ఉత్తరం.

నేను కూకట్‌పల్లిలో ఉంటాను. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి వాళ్లు మారతహళ్లిలో ఉంటారు. మనవడు పుట్టినప్పటి నుంచి మావారూ నేనూ తరచూ బెంగళూరు వెళ్లక తప్పడం లేదు. రైలు దొరికితే రైలే. కానీ రాత్రి బండిలో కింది బెర్తులు ఎప్పుడో నిండిపోతాయి. 2023 సెప్టెంబరులో మొదలైన వందే భారత్ తెల్లవారుజామునే కాచిగూడలో కదులుతుంది. ఆ వేళకు కూకట్‌పల్లి నుంచి అక్కడికి చేరడమే ఒక ప్రయాణం. అందుకని చివరికి బస్సే గతి.

ఆర్టీసీయా ప్రైవేటా అని మా ఇంట్లో ప్రతిసారీ పంచాయితీ. మావారు ఆర్టీసీ పక్షం. ఎంజీబీఎస్ బస్టాండులో కూర్చోవడానికి చోటుంది, బాత్రూమ్ ఉంది, ఏదైనా తేడా వస్తే అడగడానికి కౌంటరుంది, కౌంటర్లో మనిషి ఉంటాడు అంటారు. కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కితే మారకుండా ఎంజీబీఎస్‌లో దిగొచ్చు, అదీ నిజమే. ఆర్టీసీలో లహరి స్లీపర్ బస్సులు వచ్చాక నడుము వాల్చుకుని వెళ్లే వీలూ కలిగింది. ఏపీఎస్ఆర్టీసీ బస్సయితే 60 దాటినవాళ్లకు చార్జీలో 25 శాతం తగ్గింపు. కానీ మాకు దొరికే ఆర్టీసీ సర్వీసులు దించేది బెంగళూరు నడిబొడ్డున ఉన్న మెజెస్టిక్‌లో. పొద్దున్నే అక్కణ్నుంచి మారతహళ్లికి ఆటో అతను చెప్పే రేటు వింటే నిద్రమత్తు అంతా వదిలిపోతుంది. ప్రైవేటు బస్సులు హెబ్బాళ, టిన్ ఫ్యాక్టరీ మీదుగా తిరిగి మా అమ్మాయి వాళ్ల సందుకు దగ్గర్లోనే దించుతాయి. ఇక్కడ ఎక్కించుకునేదీ మా ఇంటి దగ్గరి మెట్రో పిల్లరు కిందే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ప్రైవేటు బస్సు ఎక్కేవాళ్లంతా సోకులకు పోయేవాళ్లన్నట్టు కొందరు మాట్లాడతారు, అది తప్పు.

చార్జీల గొడవ ఇక్కడ ఎత్తను. వెయ్యి పైచిలుకు ఉండే బెర్తు పండగ ముందు మూడు వేలు దాటడం అందరూ చూస్తున్నదే. ఆర్టీసీ కూడా 2023 మార్చిలో ఇదే బెంగళూరు రూటులో గిరాకీని బట్టి చార్జీ మార్చడం మొదలుపెట్టింది కాబట్టి ఒక్క ప్రైవేటు వాళ్లనే తిట్టి లాభం లేదు.

కిందటి దసరాకు మేం ప్రైవేటు స్లీపర్‌లో వెళ్లాం. యాప్‌లో పెట్టిన ఫొటో కొత్త బండిది. పిల్లరు దగ్గరికి వచ్చింది వేరే బండి. అద్దం మీద కంపెనీ పేరు స్టిక్కరు అంటించారు, దాని కింద పాత పేరు అచ్చు లీలగా కనబడుతూనే ఉంది. మా బెర్తు కిటికీ పక్కన ఎర్ర డబ్బా ఒకటి, ఆపదలో అద్దం పగలగొట్టాలని దాని మీద రాసి ఉంది. డబ్బాలో సుత్తి లేదు. ఎవరో చిప్స్ కవరు మడిచి కుక్కారు. సరే, వెనక ఎమర్జెన్సీ డోరు ఎలా ఉందో చూద్దామని వెళ్తే దానికి అడ్డంగా దుప్పట్ల మూటలు, అట్టపెట్టెలు.

“సుత్తి ఏది బాబూ?” అని క్లీనరు కుర్రాణ్ని అడిగాను.

“ఎవరో తీస్కపోయిన్రు ఆంటీ. మీరు పండుకోండ్రి, పొద్దుగాల లేపుత.”

మూటలు తీయమంటే హైవే ఎక్కినంక తీస్త అన్నాడు. తీయలేదు. మావారు హాయిగా గురక పెట్టారు. నేను షాద్‌నగర్, జడ్చర్ల బోర్డులు చదువుకుంటూ కూర్చున్నాను.

అదే నెల, అంటే 2025 అక్టోబరు 24న తెల్లవారుజామున, కర్నూలు దగ్గర చిన్నటేకూరులో బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు స్లీపర్ బస్సు రోడ్డు మీద పడి ఉన్న బైకును ఈడ్చుకుపోయి తగలబడింది. బస్సులోని 19 మంది చనిపోయారు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు కాలి 45 మంది పోయిందీ ఈ 44వ నంబరు జాతీయ రహదారి మీదే. పాలెం తర్వాత కూడా సుత్తులు, తలుపులు, తనిఖీలు అంటూ చాలా రాశారు. ఆర్టీసీ బస్సుకు ప్రమాదాలు జరగవని నేననడం లేదు. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర కంకర టిప్పరు గుద్దింది ఆర్టీసీ బస్సునే. కానీ టిప్పరు వచ్చి గుద్దితే ప్రయాణికుడు చేయగలిగింది లేదు. ఏ బండి ఎక్కాలో తేల్చుకునే వీలు మాత్రం ఉండాలి కదా.

నంబరు తెలిస్తే ఏం ఒరుగుతుంది అనొచ్చు. కేంద్ర రవాణా శాఖ వాళ్ల ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే ఆ బండి ఎక్కడ, ఎప్పుడు రిజిస్టరైందో, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ ఎప్పటిదాకా ఉన్నాయో వస్తుంది. ప్రభుత్వం దగ్గర వివరాలున్నాయి, మన చేతిలో ఫోనుంది, లేనిదల్లా నంబరే. నంబరు మెసేజ్ వచ్చేసరికి టికెట్ క్యాన్సిల్ చేసినా పైసా తిరిగి రాని టైమైపోతుంది. మా దసరా బండి నంబరు పిల్లరు కింద నిలబడి కొట్టి చూశాను. వేరే రాష్ట్రం రిజిస్ట్రేషన్, బాగా పాత బండి. ఫిట్‌నెస్ మాత్రం ఉంది! కాబట్టి కాగితం ఒక్కటే చాలదని నాకూ తెలుసు. అయినా వయసు ముందే తెలిస్తే దాన్ని ఎంచుకునేవాళ్లం కాదు.

ట్రావెల్స్ ఆఫీసుకు ఫోన్ చేస్తే “ఏ బండి వేస్తమో సాయంత్రం దాక మాకే తెల్వదమ్మా” అన్నారు. నిజమే అయ్యుండొచ్చు, బండి పాడైతే మార్చక తప్పదు. అలాంటప్పుడు మార్చామని చెప్పి, వద్దనుకున్నవాళ్లకు డబ్బంతా వాపసు ఇవ్వాలి. రైలు మూడు గంటలకు మించి ఆలస్యమై మనం ఎక్కకపోతే రైల్వే వాళ్లు పూర్తి చార్జీ తిరిగి ఇస్తున్నారు. బస్సుకు ఎందుకు కుదరదు?

రేటింగులు చూసి ఎంచుకోండి అంటారు మా అల్లుడు. ఆ చుక్కలన్నీ దుప్పటి వాసన గురించి, ఏసీ గురించి, స్టాఫ్ మాటతీరు గురించి. రాత్రంతా పడుకుని వచ్చిన మనిషి వెనక తలుపు గురించి ఏం రాస్తాడు?

బస్సుకు డ్రైవర్లు ఎందరన్నది కూడా టికెట్ మీదే ఉండాలి. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం ప్రకారం డ్రైవరు పని రోజుకు 8 గంటలే. బెంగళూరు దాదాపు 570 కిలోమీటర్లు. నగరంలో పికప్పులు, అక్కడ డ్రాపింగులు కలుపుకుంటే ఒక్కడివల్ల అయ్యే పనేనా?

ప్రమాదం జరిగిన వారం పది రోజులు అధికారులు హైవేల మీద బస్సులు ఆపి కేసులు రాస్తారు. అర్ధరాత్రి దారిలో ఆపితే సామాన్లతో, పిల్లలతో దిగి నిలబడేది మేమే. ఆ తనిఖీ ఏదో సాయంత్రం పూట పటాన్‌చెరు, మియాపూర్ దగ్గర, బస్సులు బయల్దేరే చోటే చేయొచ్చు. సుత్తి ఉందా, వెనక తలుపు తెరుచుకుంటుందా చూడ్డానికి అయిదు నిమిషాలు చాలు.

మీ పత్రికకూ ఒక విన్నపం. పండగలకు ప్రత్యేక రైళ్ల వివరాలు వేస్తారు కదా. ఆ పక్కనే, బస్సులో లోపం కనబడితే అప్పటికప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో రవాణా శాఖను అడిగి వేయండి. మావారు మాత్రం ఈసారికి ఎంజీబీఎస్ నుంచే టికెట్లు తీశారు. మెజెస్టిక్‌కు అల్లుడు కారు తెస్తానన్నారట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్