యుకులేలి బృందాలకు శ్రుతి చేసుకునే గది ఇవ్వండి

సంపాదకులకు,

బాంజో, యుకులేలి ఉత్సవాల్లో వాయించే ఔత్సాహిక బృందాల గురించి మీ ఆదివారం సంచికలో రాసినందుకు సంతోషం. చిన్న గిటారులాంటి నాలుగు తీగల యుకులేలి గంటలో పట్టుబడుతుందన్న మాట నిజమే. సి, ఎఫ్, జి7 అనే మూడు కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు) వస్తే బోలెడు పాటలు నడిచిపోతాయి. కానీ ముప్పై మంది కలిసి వాయించినప్పుడు వినసొంపుగా ఉండాలంటే ముప్పై వాద్యాలూ ఒకే శ్రుతిలో ఉండాలి. బృందాలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ముందుగా చిన్న సవరణ. మన దగ్గర చాలామంది బ్యాంజో అనేది మీటలు నొక్కి వాయించే బుల్‌బుల్‌ని. అది జపాన్ టైషోగోటోకి చుట్టం. ఈ ఉత్సవాల బాంజో వేరు. బానిసలుగా కరీబియన్ దీవులకు, అమెరికాకు తరలించిన ఆఫ్రికన్ల చేతుల్లో పుట్టిన వాద్యమది, డప్పులాంటి మూత మీదుగా తీగలు వెళ్తాయి. యుకులేలి 1879లో మదీరా నుంచి హవాయి చేరిన పోర్చుగీసు వడ్రంగుల పనితనం. ఈ రెండింటి కలయిక బాంజోలేలి. దాన్ని బ్రిటన్‌లో ఇంటింటికీ తెలిసేలా చేసింది హాస్యనటుడు, గాయకుడు జార్జ్ ఫార్మ్‌బీ. ఆయన పోయిన 1961లోనే మొదలైన అభిమానుల సంఘం బ్లాక్‌పూల్‌లో సమావేశాలు జరుపుతుంది. అక్కడ అందరూ ఒక్కసారిగా వేదికెక్కి వాయించడాన్ని 'థ్రాష్' అంటారు. అంతమంది మోగిస్తుంటే శ్రుతి తేడా ఎక్కడుందో వెతికి పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఎక్కకముందే సరిచూసుకోవాలి.

నైలాన్ తీగలు కొత్తవైతే కొన్ని రోజులపాటు సాగుతూనే ఉంటాయి. కాబట్టి ఉత్సవానికి వారం ముందే మార్చి, రోజూ వేలితో మెల్లగా లాగి మళ్లీ శ్రుతి చేయాలి. శ్రుతి ఎప్పుడూ కింది నుంచి పైకి తేవాలి. ఎక్కువైతే బాగా దించి మళ్లీ ఎక్కించాలి, లేకపోతే బిరడలో మిగిలిన వదులు రెండో పాటకల్లా బయటపడుతుంది.

వాద్యం తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ (శ్రుతి చూపే చిన్న పరికరం) తీగ కంపనాన్నే పట్టుకుంటుంది కాబట్టి చుట్టూ గోలగా ఉన్నా పనిచేస్తుంది. దాని తెర మీద 440 అనే అంకె, అంటే అందరూ పాటించే ప్రామాణిక శ్రుతి, ఉందో లేదో చూసుకోవాలి. సంచిలో బటన్ నొక్కుకుపోయి 436కి మారితే, తెర పచ్చగా వెలిగి అంతా సరిగ్గా ఉన్నట్టే చూపిస్తుంది. ఆ ఒక్క ట్యూనర్ చేతులు మారిన వరుసంతా అపశ్రుతిలో ఉంటుంది! కారణం తెలియక పాపం కొత్తగా చేరినవాళ్ల మీద నెపం పడుతుంది.

బాంజోలేలిది ఇంకో సమస్య. తోలు మూత చెమ్మకు వదులై కుంగుతుంది, దానితోపాటు తీగలను మోసే బ్రిడ్జి దిగి తీగలు మెట్లకు తగిలి జరజరమంటాయి. మృదంగం అంచు చుట్టూ తట్టి సరిచేసినట్టే, ఇక్కడ ఎదురెదురు కొక్కేల మరలను పావు చుట్టుకు మించకుండా బిగిస్తూ రావాలి. ఒకేవైపు బిగిస్తే తోలు చిరుగుతుంది. ప్లాస్టిక్ మూతకు ఈ బాధ లేదు. బ్రిడ్జిని అతికించరు కాబట్టి ప్రయాణంలో జరుగుతుంది. దాని కాళ్ల చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంచుకోవాలి. పన్నెండో మెట్టు దగ్గర నొక్కిన స్వరం అదే చోట హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటితే వచ్చే స్వరం) కంటే హెచ్చుగా పలికితే బ్రిడ్జిని మెడ నుంచి కొంచెం దూరం జరపాలి.

బాంజోలు వెనక వరుసలో నిలబడాలి. ఒక్క బాంజో పది యుకులేలిలను మింగేస్తుంది.

ఇవన్నీ చేయడానికి నిర్వాహకులు సమయమే ఇవ్వరు. ముందు బృందం దిగుతుండగానే తర్వాతి బృందాన్ని ఎక్కిస్తారు. చల్లని గదిలో కుదిరిన శ్రుతి ఎండలోకో వేదిక దీపాల కిందికో రాగానే మారిపోతుంది. వేదిక పక్కన తలుపు వేసుకునే గదిలో పదిహేను నిమిషాలు, వేదిక మీద మరో రెండు నిమిషాలు ఇవ్వాలని మా మనవి.

బ్రిటన్‌లో చాలా ప్రాథమిక బడుల్లో ఇప్పుడు యుకులేలి నేర్పుతున్నారు, అక్కడి మన తెలుగు పిల్లలూ నేర్చుకుంటున్నారు. ఉగాది, సంక్రాంతి వేడుకల్లో వాళ్లచేత వాయింపించే సంఘాలు కూడా ఈ పదిహేడు నిమిషాలను కార్యక్రమ పట్టికలో వేసుకోవాలి. పదిమంది పిల్లలకు ఇద్దరు పెద్దలు, 440 దగ్గరున్న రెండు ట్యూనర్లు చాలు.

- యుకులేలి, బాంజో వాయించే కొందరు పాఠకులు